ఖాళీ గిన్నె వెనక్కి పంపకూడదు

"మీ మామయ్య ఇచ్చిన పది డాలర్లు ఏవే?" హౌలానీ పిల్ల డబ్బులు దాచుకునే డబ్బా బోర్లించింది. అందులోంచి చీమ ఒకటి బయటికొచ్చింది.

ఎనిమిదేళ్ల మనవరాలు కవేహి చటుక్కున గిన్నె ముందుకు తోసింది. "అమ్మమ్మా, తాత చేమదుంపలు పంపాడు."

హౌలానీ నోరు తెరిచింది. ఎండుచేపల్లో ఉప్పెక్కువైందని మొగుడు కేయావే అన్న ఒక్క మాటకి, మూడు వారాలుగా ఆయన లోయ పైన చేమ మడి దగ్గర పాకలో, ఈవిడ కింద సముద్రం ఒడ్డున. ఆదివారం కవేహి పుట్టినరోజు విందుకి ఆ మనిషి వస్తే నేను రానంటే నేను రానని ఇద్దరూ భీష్మించుకు కూర్చున్నారు. పిల్ల దిగులు పట్టించుకున్నవాళ్లు లేరు.

దుంపల మీద మట్టి రేణువైనా లేదు. "కడిగి మరీ పంపాడా! కాళ్లు కడుక్కోమంటే కయ్యానికొచ్చే మనిషి! బుద్ధొచ్చినట్టుంది."

"గిన్నె ఇచ్చేసి రానా?"

"ఖాళీగానా? పరువు తీస్తావా? నేర్చుకో! మన పెద్దవాళ్లు డబ్బు ముట్టుకున్నారా? కొండవాళ్లు దుంపలు దింపేవారు, ఒడ్డువాళ్లు చేపలు పంపేవారు. ధర అడిగితే సిగ్గుచేటు."

ఉప్పు తక్కువ పడ్డ చేపలే ఏరి గిన్నె నింపింది.

పైన కేయావే ఒక ముక్క కొరికి ముసిముసిగా నవ్వాడు. "దారికొచ్చిందన్నమాట!" గిన్నె నిండా చిలగడదుంపలు పోశాడు.

"ఈసారి మట్టితోనే పంపాడే! ఒక్కరోజు ముచ్చట," అంది హౌలానీ, కూరకి పనికొచ్చే సముద్రపు నాచు నింపుతూ. "చూశావా, సెంటు ఖర్చు లేకుండా రెండిళ్ల కడుపులూ నిండుతున్నాయి."

ఎక్కీ దిగీ కవేహి కాళ్లు పీకాయి. మూడోసారి గిన్నె మోసుకుంటూ తాతే దిగొచ్చాడు.

"ముందు మెత్తబడింది నువ్వే," అన్నాడు గుమ్మంలోనే.

"నేనా? ముందు దుంపలు పంపిందెవరు?"

"చేపలొచ్చాకే కదా నేను పంపింది!"

ఇద్దరూ కవేహి వైపు తిరిగారు.

"ఆదివారం ఇద్దరూ వస్తారుగా?"

"వచ్చి చస్తాం గానీ, ఆ మొదటి దుంపలు ఎవరివే?" అంది హౌలానీ.

"రేవు దుకాణంవి, పది డాలర్లు."