గేదె దాచుకున్న గడ్డి

వాగొడ్డున గేదే గాడిదా ఒకే మొక్క కణుపులు పంచుకుని, పక్కపక్కనే గడ్డి నాటుకున్నాయి. గేదె గడ్డి కొమ్ములు దాటి పెరిగింది. ఎవరొచ్చినా గేదె కసిరి కొట్టేది. గాడిద మాత్రం మేకల్నీ కుందేళ్ళనీ పిలిచి, "మొదలు దగ్గర జానెడు వదిలేసి, పైన ఎంతైనా మెయ్యండర్రా" అనేది.

"వట్టి వెర్రిబాగులోడు! చివరికి మట్టే మిగులుద్ది" అని గేదె పడీపడీ నవ్వింది.

వానలు వెళ్ళాక గేదె తీరిగ్గా తన గడ్డికి మూతి పెట్టింది. అది వెదురులా ముదిరిపోయింది. దవడలు పీకాయి గానీ గడ్డి తెగలేదు. పక్కన గాడిద మడిలో మూడోసారి చిగుళ్ళు నవనవలాడుతున్నాయి.

గేదె తోకూపుకుంటూ వెళ్ళింది. "తమ్ముడూ, ఏం ఎరువు వేశావురా?"

"నేనేం వెయ్యలేదక్కా, మేసినవాళ్ళే వేసిపోయారు. నువ్వూ రా, కడుపునిండా మేసి వేసిపో!"