మైత్రి గదిలో సర్వర్

"అప్‌డేట్ ఇయ్యాల్నే చెయ్యాల్నా?" రామమోహన్ గుమ్మంలోనే నిలబడి భార్యను అడిగాడు.

"ఇయ్యాల్నే," అంది ఆండాళ్, తెర మీంచి చూపు తిప్పకుండా.

కూతురు మైత్రి చదువుకున్న బల్ల మీదే ఉంది ఆ చిన్న సర్వర్ పెట్టె. మొన్నటి ఎండాకాలం, వాళ్ళుంటున్న ఆ హిందీ ఊళ్ళోనే, తార్‌బహార్ పేటలో కోచింగ్ సెంటర్‌కి నిప్పంటుకుంది. వెనక మెట్ల తలుపు తెరుచుకోక లోపలే పోయిన పిల్లల్లో వాళ్ళ మైత్రి ఒకతి. బయటపడ్డ పిల్లలు తాము చూసింది పెద్ద సైట్లలో రాస్తే, ఎవరో పదేపదే ఫిర్యాదులు పెట్టి తీయించేశారు. అప్పుడు ఆండాళ్ వాళ్ళకోసం ఇంట్లోనే సొంత సైటు పెట్టింది. బడిలో సైన్సు చెప్పే మనిషి, సర్వర్ నడపడం నేర్చుకుంది. పిల్లలు అందులో హిందీలో రాసుకుంటారు, ఒకరినొకరు ఓదార్చుకుంటారు. ఆ ప్రమాదం మీద నడుస్తున్న కేసులో సోమవారం కోర్టు సాక్ష్యంగా చూడబోయేది ఆ రాతల్నే.

సైటు నడిపే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌లో లోపం బయటపడిందని, ఎవరైనా దూరి అన్నీ చెరిపెయ్యగలరని నిన్న హెచ్చరిక వచ్చింది.

రామమోహన్ మెత్తగానే చెప్పి చూశాడు. తెలియని పని చేసి పాడుచేసుకోవడం కంటే ముట్టుకోకపోవడం మేలన్నాడు. తిండి మానేసి ఆ పెట్టె ముందు కూర్చుంటే మనిషి ఏమైపోవాలన్నాడు. దగ్గర్లోని సీపత్‌లో తన తమ్ముడి క్వార్టర్‌కి పోయి కొన్నాళ్ళుండి వద్దామన్నాడు.

"ఎవరికి శిక్ష పడితే మాత్రం బిడ్డ మళ్ళ వస్తదా, ఆండాళూ?"

"రాదు. అయినా చేస్తా."

"కాపీ తీసినవా?"

"తీసిన."

"ఏడ పెట్టినవ్?"

ఆమె ఎంటర్ నొక్కింది.

నల్లటి తెర మీద అక్షరాలు పరుగెత్తసాగాయి. సగం దాకా వచ్చేసరికి రామమోహన్ గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్ మీద చెయ్యి వేశాడు. "ఇగ చాలు. నిన్నిట్ల చూడలేను," అన్నాడు. ఏడ్చేశాడు. ఆ ఏడుపులో నటన లేదని ఆమెకు తెలుసు.

లేచి అతని ఎదురుగా నిలబడింది.

"ఆపితే మళ్ళ మొదలుపెడ్త. రేపు ఆపితే ఎల్లుండి. చెయ్యి తియ్యండి."

చాలాసేపటికి ఆ చెయ్యి కిందికి దిగింది. రామమోహన్ మైత్రి మంచం మీద కూలబడి మొహం కప్పుకున్నాడు.

కొత్త వెర్షన్‌తో సైటు తెరుచుకుంది. మైత్రి పక్క బెంచీలో కూర్చునే రాజశ్రీ నుంచి మొదటి మాట వచ్చింది: "మేడమ్, హమ్ సబ్ యహీఁ హైఁ." అందరం ఇక్కడే ఉన్నాం.

ఆండాళ్ భర్త వైపు చూసింది.

ఆ కోచింగ్ సెంటర్ అతనిదే.