కోకో పాలు

పాలు పొంగబోతున్నాయి. వినీల స్టవ్ తగ్గించి, చెంచాడు కోకో పొడి వేసి కలిపింది. చెవులు మాత్రం వసారా వైపే ఉన్నాయి. ఈ పూట మావగారు తనని ఏ పేరుతో పిలుస్తారు?

"రాణీ, పాలు తెస్తున్నావా?"

హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది.

రాణి అచ్చిబాబుగారి చెల్లెలు. పెళ్లీడు రాకముందే జబ్బుచేసి పోయింది. వినీల ఆయన కోడలు.

ఆయన కొడుకు గణేష్‌బాబు వినీలని చర్చిలో పెళ్లి చేసుకున్నప్పుడు అచ్చిబాబుగారు ఊరి పెద్దలందరి ముందూ ఒక మాట అన్నారు. "ఆ పిల్ల చేతి మంచినీళ్లు కూడా నేను ముట్టను." ఆయన మాటంటే మాటే. భార్య పోయినప్పుడు కూడా కొడుకుని ఒక్కణ్ణే రానిచ్చారు.

ఈ వేసవిలో కొబ్బరి చెట్ల కింద కోకో కాయలు కోయిస్తూ నీళ్లు పారే బోదెలో జారిపడ్డారు. కాలు విరిగింది. చూసుకునేవాళ్లు లేరు. గణేష్‌బాబు ఏమైతే అయిందని భార్యని వెంటబెట్టుకుని వచ్చేశాడు.

ఆ రోజు వినీల మంచినీళ్లు అందించింది. ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశారు.

"ఎప్పుడొచ్చావే రాణీ?" అని గ్లాసు అందుకున్నారు.

వయసు మీదపడ్డాక ఇలాంటి మతిమరుపు మామూలేనన్నాడు ఊళ్లో డాక్టరు. గణేష్‌బాబు ఊపిరి పీల్చుకున్నాడు. వినీలకి మాత్రం మనసు కుదుటపడలేదు. లేని మనిషి పేరు మీద ఎన్నాళ్లుంటుంది? కాలు నయమై ఆయన చేతికర్రతో నడుస్తున్నా ఆమెకి ఆ గుబులు తగ్గలేదు.

కోకో రోజూ తీసుకుంటే జ్ఞాపకశక్తికి మంచిదని ఫోన్లో ఎక్కడో చదివింది. ఇంట్లో బస్తాలకి బస్తాలు ఎండిన గింజలున్నాయి. చాక్లెట్ కంపెనీకి అమ్మడమే గాని ఆ ఇంట్లో ఎవరూ రుచి చూసి ఎరగరు. కాసిని గింజలు మూకుడులో వేయించి, పొట్టు తీసి, మిక్సీలో పొడి చేసింది.

"అది పనిచేస్తుందంటావా?" అన్నాడు గణేష్‌బాబు.

"చేస్తే మంచిదే కదండీ."

"చేస్తే నువ్వెవరో కూడా గుర్తొస్తుంది. అది ఆలోచించావా?"

ఆలోచించని పూట లేదు. డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసిన పొద్దులూ ఉన్నాయి.

"మనకి బాగుందని ఆయన్ని అలాగే ఉంచేస్తామా?" అంది చివరికి.

అచ్చిబాబుగారు చేదని ముఖం చిట్లించేవారు. గ్లాసులో మాత్రం చుక్క మిగిల్చేవారు కాదు.

మొన్న ఖాళీ గ్లాసు చేతికిస్తూ అడిగారు. "మీ నాన్న మోకాళ్ల నొప్పులు తగ్గాయా?"

వినీల అక్కడే నిలబడిపోయింది. చెల్లెలితో ఎవరైనా "నాన్న" అంటారు గాని "మీ నాన్న" అనరు. మోకాళ్ల నొప్పులు తన తండ్రి జ్ఞానప్రకాశం మాస్టారికి. పొద్దున్నే వసారాలో నిలబడి ఆయనతో ఫోన్లో మాట్లాడింది కూడా.

పొడి పనిచేస్తోంది.

గదిలోకి వెళ్లి బట్టలన్నీ సంచిలో సర్దింది. కాసేపు మంచం మీద కూర్చుంది. లేచి మళ్లీ అన్నీ బీరువాలో పెట్టింది.

"ఇంక ఆ పొడి మానెయ్," అన్నాడు గణేష్‌బాబు.

"మాననండి. రాజమండ్రిలో పెద్ద డాక్టరుకి చూపిద్దాం. ఏదైతే అదవుతుంది."

అచ్చిబాబుగారు రానని మొండికేశారు. వినీల బతిమాలితే బయల్దేరారు. కారు కొవ్వూరు బ్రిడ్జి ఎక్కింది. "గాలి కొడుతోంది, అద్దం వేసుకో రాణీ," అన్నారు. ఆ పేరుతో పిలవడం ఇదే ఆఖరేమో అనుకుంటూ ఆమె గోదారి వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఆయన్నొక్కరినే లోపల ఉంచుకున్నారు. గణేష్‌బాబు కారు పెట్టడానికి వెళ్లాడు. వినీల తలుపు దగ్గరే బెంచీ మీద కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. తలుపు ఓరగా ఉంది. మాటలు వినిపిస్తున్నాయి.

డాక్టరుగారు తేదీ అడిగారు. మావగారు సరిగ్గా చెప్పారు. గడియారం బొమ్మ గీయమన్నారు. గీశారు. ముందు చెప్పిన పేర్లు మళ్లీ చెప్పమంటే వరసగా ఒప్పజెప్పారు.

"చాలా బాగా చెప్పారండి," అన్నారు డాక్టరుగారు. "మరి మిమ్మల్ని తీసుకొచ్చిన ఆ అమ్మాయి ఎవరండి?"

వినీల తలుపు వైపు వంగింది.

"మా కోడలండి. వినీల."

అయిపోయింది. ఇంటికెళ్లి సంచి సర్దుకోవడమే.

"తనని రాణి అని పిలుస్తున్నారట కదా, ఎవరో ఎప్పుడు గుర్తొచ్చిందండి?"

అచ్చిబాబుగారు గొంతు బాగా తగ్గించారు.

"మర్చిపోతే కదండీ గుర్తురావడానికి. మతి పోయిందనిపించుకోకపోతే, ఊరందరి ముందూ అంత మాట అన్నవాణ్ణి, ఆ పిల్ల చేతి మంచినీళ్లు ఏ ముఖం పెట్టుకుని తాగనండి?"