పెడల్ మీద కాలు

రేసు కారుకి రెండు డిస్కుల క్లచ్ బిగించడం ఇద్దరి పని. ఒకరు కారు కింద, ఒకరు పెడల్ దగ్గర. మా షెడ్డులో పెడల్ ఎప్పుడూ మావయ్యదే. ఏం కాలండీ అది! డిస్కుల మధ్య వెంట్రుకవాసి సందు తెరిచి, వణుకన్నది లేకుండా అలాగే నిలిపేవాడు. ఆయన పోయాక నేను బిగించిన మొదటి క్లచ్ ఇదే.

చీకటి పడ్డాక షెడ్డులో నేనొక్కదాన్నే మిగిలాను. సందు చాలక, షిమ్ము అనే పల్చటి రేకు మార్చి మళ్లీ అంతా బిగించాను. కారు కిందికి దూరి, సందు కొలిచే గేజు రేకుతో గేర్‌బాక్సు కన్నంలో వేళ్లు పెట్టి, అలవాటుకొద్దీ కేకేశాను.

"తొక్కు మావయ్యా!"

నాలుక కరుచుకునేలోపే పైన పెడల్ కిర్రుమంది. రెండు డిస్కులూ పట్టు వదిలాయి. గేజు రేకు రెండువైపులా హాయిగా జారింది. అంత నిలకడగా తొక్కడం ఇంకెవరి తరం?

"చాలు, వదిలెయ్" అన్నాను.

వదల్లేదు.

"వేళ్లు తీశావా తల్లీ?" అని అడక్కుండా ఏనాడూ వదిలిన మనిషి కాదు. నా వేళ్లింకా లోపలే ఉన్నాయి.

మెల్లగా బయటికి తీశాను.

పైన పెడల్, అంతే మెల్లగా, లేచింది.