నారింజ రంగు ఇంజిన్

గొలుసులకు వేలాడుతున్న ఇంజిన్‌ను చూసి లెనార్డ్ తమ్ముడి గ్యారేజీ గుమ్మంలోనే ఆగిపోయాడు.

నారింజ రంగు. అంటే ఫోర్డ్‌కి బద్ధశత్రువైన షెవర్లే కంపెనీది. ఆ కాలపు ఫోర్డ్ ఇంజిన్లు నీలంగా ఉంటాయని ఫోర్డ్ కంపెనీ ఊరు డియర్‌బోర్న్‌లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. దాని కింద బానెట్ తెరుచుకుని ఉన్నది నాన్న బండి, అరవై ఎనిమిది నాటి ఫోర్డ్ మస్టాంగ్.

నాన్న ముప్పై నాలుగేళ్లు ఫోర్డ్ ఫ్యాక్టరీలో చేశాడు. సొంత బావమరిది షెవర్లే కారులో వస్తే, దాన్ని పక్క వీధిలో పెట్టొచ్చాకే థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి కూర్చోనిచ్చాడు. మస్టాంగ్ బానెట్ మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. ఆయన పోయి నెల కూడా కాలేదు.

"ఏంట్రా ఇది?"

యూజీన్ చేతులు తుడుచుకున్నాడు. "నువ్వు రావాల్సిన టైము కాదన్నా ఇది."

"నేను రాకపోతే గుట్టుగా కానిచ్చేద్దామనా? నాన్న బండికి షెవర్లే ఇంజినా?"

యూజీన్ గోడ మీది నాన్న ఫొటో వైపు చూశాడు. "నాన్న కోసమే చేస్తున్నా. ఇంకేం అడక్కు."

"సిగ్గు లేదురా? సమాధి మీద మట్టి కూడా ఆరలేదు!"

లెనార్డ్ విసురుగా వెనక్కి తిరిగాడు. నమ్మి బండి తాళాలు వాడి చేతిలో పెట్టింది తనే. ఇంతకన్నా వెన్నుపోటు ఇంకేముంటుంది?

పదకొండేళ్లు మాటల్లేవు. యూనియన్ హాల్లో రిటైరైనవాళ్లు టిఫిన్లకు కలిసినప్పుడల్లా లెనార్డ్ అదే పాట. "మావాడు నాన్న పరువు షెవర్లేకి అమ్మేశాడు." అది యూజీన్ చెవిన పడుతూనే ఉంది. ఒక్కసారీ కాదనలేదు.

యూజీన్ పోయినప్పుడు లెనార్డ్ చర్చిలో చివరి వరుసలో కాసేపు కూర్చుని లేచొచ్చాడు.

వారం తర్వాత మరదలు డొలోరెస్ మస్టాంగ్ తెచ్చి అతని వాకిట్లో ఆపింది.

"మా ఆయన దీన్ని మీకే ఇవ్వమన్నారు బావగారూ."

"ఆ షెవర్లే సరుకు నాకెందుకమ్మా?" అంటూనే బానెట్ ఎత్తాడు.

నీలం ఇంజిన్.

లెనార్డ్ దాని మీద చెయ్యి వేసి చూశాడు. "అంటే... బుద్ధొచ్చి మళ్లీ మార్చాడన్నమాట. ఎప్పుడు?"

"ఆయన మార్చింది ఒక్కసారే." డొలోరెస్ తాళాలు అతని చేతిలో పెట్టింది. "మామగారు ఈ బండిలో గుట్టుగా పెట్టుకున్న షెవర్లే ఇంజిన్‌ని మా ఆయన బయటికి తీస్తుంటేనే ఆ రోజు మీరొచ్చారు బావగారూ."