మాస్టారి శృతి

ఆరో తీగ కూడా వదులు చేసి చెయ్యి తీశాక గానీ, గిటార్లు బాగుచేసే ఆయనకు తను చేసిన పని అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం స్టూలు మీద కూలబడ్డాడు.

బల్ల మీద వెల్లకిలా ఉన్నది మాస్టారి స్టీల్ గిటారు. ఒడిలో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయించే రకం. ఆ పొద్దున్నే మాస్టారి భార్య దాన్ని దుప్పటిలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు జాగ్రత్తగా తెచ్చింది.

"తీగలు ఆనే ఎముక బద్ద బీటిచ్చింది బాబూ. అదొక్కటీ మార్చు. శృతి మాత్రం వెంట్రుకవాసి కూడా మారకూడదు. ఆయన ఎలా కట్టుకున్నాడో ఆయనకు తప్ప ఎవరికీ తెలీదు."

"మాస్టారికి ఎలా ఉందమ్మా?"

"నెల రోజులయింది ఆసుపత్రిలో. రేపు ఇంటికి తెస్తున్నాం. మాట పడిపోయింది. చేతులు మాత్రం కదులుతున్నాయి. గిటారు పట్టుకుంటే మనిషి మళ్లీ మనలో పడతాడని డాక్టరు అన్నాడు." ఆవిడ కొంగు వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. "శృతి మారిందనుకో, తప్పు గిటారుదనుకోడు. తన చేతులు కూడా పోయాయనుకుంటాడు. ఇంక జన్మలో ముట్టుకోడు."

ఇరవై ఏళ్లుగా గిటార్లు బాగుచేసే ఆయనది ఒకటే పద్ధతి. తీగలు వదులు చేసే ముందు ఒక్కో తీగ ఏ స్వరంలో ఉందో చీటీ మీద రాసి, గిటారు తల మీద అంటించేవాడు. ఈ రోజు ఆవిడ మాటలే బుర్రలో గింగురుమంటుంటే చీటీ సంగతే మరిచాడు. చేతులు మాత్రం వాటి దారిన అవి శృతి మరలు తిప్పేశాయి. తీగలు అనుకున్నంత బిగువుగా లేవే అని ఒక్క క్షణం అనిపించింది గానీ, నెల రోజులుగా పక్కన పడేశారు కదా అని సరిపెట్టుకున్నాడు.

లోపలి నుంచి టీ తెచ్చిన ఆయన భార్య ఆయన్ని చూసి గ్లాసు కింద పెట్టేసింది.

"ఏమైందండీ? ముఖంలో నెత్తురు చుక్క లేదు!"

చెప్పాడు.

"ఈమాత్రానికేనా? ఏదో ఒక శృతి పెట్టి ఇచ్చెయ్యండి. మాటే రాని మనిషి మీ మీద ఏమని ఫిర్యాదు చేస్తాడు?"

"నోరు ముయ్యవే! కడ్డీ లేకుండా ఊరికే మీటినా ఆరు తీగలూ కలిసి నిండుగా పలికేలా కట్టుకుంటారు దీన్ని. ఓపెన్ శృతి అంటారు. అలాంటివి అరడజను రకాలున్నాయి. ఒక్క తీగ తేడా వచ్చినా చాలు, ఆయన చెయ్యి అలవాటైన చోటికే వెళ్తుంది. అక్కడ పాట ఉండదు."

"అయితే ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి."

"ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉందావిడ. నాకు ధైర్యం లేదు."

"మాస్టారి క్యాసెట్టు ఒకటి మీరు అరిగిపోయేలా వినేవారుగా, అదేమైంది?"

ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. మధ్యాహ్నం దాకా ఆ క్యాసెట్టే విన్నాడు. పాట ఎక్కడెక్కడ తిరిగినా చివరికి 'జి' స్వరంలోకి వచ్చి ఆగుతోంది. భూతద్దం పెట్టి తీగలు చూశాడు. కడ్డీ రాపిడికి అవి ఎక్కువగా అరిగింది, గిటారు మెడ మీద మెట్టుకొకటిగా ఉండే గుర్తుల్లో ఐదో గుర్తు దగ్గర. అక్కడ 'జి' పలకాలంటే, ఐదు మెట్లు దిగి, కడ్డీ లేకుండా మీటినప్పుడు 'డి' పలకాలి. కొత్త ఎముక బద్ద వేసి, వేళ్ల మీద మూడుసార్లు లెక్కపెట్టుకుని ఒక్కో తీగా బిగించాడు. మూడో తీగ మాత్రం ఓ పట్టాన తేలలేదు. ఒక మెట్టు పైకా, కిందికా? క్యాసెట్టు వెనక్కి తిప్పి తిప్పి విన్నాడు. చివరికి కిందికే ఖాయం చేశాడు.

మర్నాడు గిటారు తీసుకుని వెళ్లేసరికి మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. భార్య గిటారు ఆయన ఒడిలో పెట్టి, కడ్డీ చేతికిచ్చింది. బాగుచేసిన ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

మాస్టారు చాలాసేపు గిటారు వైపే చూశాడు. కడ్డీ మెల్లగా కదిలింది. ఐదో గుర్తు దగ్గరికి వెళ్లి ఆగింది. కుడిచేతి బొటనవేలు ఆరు తీగల మీదుగా జారింది.

నిండుగా పలికింది.

మాస్టారు తలెత్తాడు. మళ్లీ మీటాడు. ఈసారి కడ్డీ పైకి జారి, వణికి, కిందికి వచ్చింది. పాట మొదలైంది. తడబడుతూనే ఉంది, అయినా అది ఆయన పాటే. ఆవిడ నేల మీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వీధి గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చిన ఆవిడను చూస్తే ఆయనకు ఇంక దాచడానికి మనసొప్పలేదు.

"అమ్మా, మీకో నిజం చెప్పాలి. రాసుకోకుండానే తీగలన్నీ వదులు చేసేశాను. ఇప్పుడున్నది మాస్టారు కట్టింది కాదు, క్యాసెట్టు విని నేను ఊహించి కట్టింది. నన్ను క్షమించండి."

ఆవిడ లోపలికి ఒకసారి తొంగి చూసి, తలుపు దగ్గరగా వేసింది. ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాయించబోయి శృతి చెడగొట్టింది నేనే బాబూ, ఆ నింద నీ మీద వేద్దామని తెచ్చాను."