పంపు చప్పుడు

వెస్లీ కారు వెనక సీటు ఎత్తి, పెట్రోల్ ట్యాంకు మీది గుండ్రటి రేకుమూతకు చెవి ఆనించాడు.

"తాళం తిప్పు బిడ్డా. సెల్ఫ్ కొట్టకు, బ్యాటరీ దిగుతది. ఊకె ఆన్ చేయ్."

ముందు సీట్లో కూర్చున్న కీర్తిప్రియ తిప్పింది.

వెస్లీ కళ్లు మూసుకున్నాడు. ఏమీ లేదు.

"బంద్ చేయ్."

గౌలిపురలో బండ్ల కరెంటు పనంటే అందరూ అతని కొట్టే చూపిస్తారు. తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు ఒక్క క్షణం మూలిగి ఊరుకుంటుంది. ఆ మూలుగు విని అతను బండి రోగం చెప్పేవాడు.

కీర్తిప్రియది బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం. మలుపులో కారు ఆగిపోతే ఇద్దరు పాలవాళ్లు ఇక్కడిదాకా తోసిపెట్టి వెళ్లారు.

వెస్లీ ఫ్యూజ్ చూశాడు. బాగుంది. పంపుకు కరెంటు అందించే చిన్న నల్లడబ్బీ, రిలే, ఊడబీకాడు. దాని కాలొకటి నల్లగా మాడిపోయి ఉంది.

"దొరికింది," అన్నాడు.

కొత్త రిలే పెట్టి, మళ్లీ వెనక్కి వచ్చి చెవి ఆనించాడు.

"తిప్పు."

ఏమీ లేదు.

పంపుకు వెళ్లే వైర్లకు టెస్ట్ బల్బు తగిలించాడు. వెలిగింది. ఎర్త్ చూశాడు. అదీ బాగుంది.

"ఏమైందన్నా?"

"కరెంటు వస్తున్నది. పంపే పోయినట్టున్నది."

"మా బాపు దవాఖాన కాడ కూసున్నడన్నా, నా కోసం. జర జల్ది చూడు."

ఆమె ఫోనులో తండ్రికి సర్దిచెబుతుంటే వెస్లీ పంపు బయటికి తీశాడు. తుడిచి, కొట్టు అవతలి మెట్టు దగ్గరికి తీసుకుపోయి, వేరే బ్యాటరీకి వైర్లు కలిపాడు.

పంపు అరచేతిలో జలదరించింది.

తిరుగుతోంది. చప్పుడు లేదు.

వైర్లు మార్చాడు. బ్యాటరీ మార్చాడు. మళ్లీ అదే వణుకు, అదే నిశ్శబ్దం.

తిరిగే పంపుకు చప్పుడెందుకు రాదు? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

చేసేదేం లేక పంపును తిరిగి బిగించాడు.

"తిప్పు బిడ్డా."

చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత లేచి ముందు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సమజైతలేదమ్మా. అన్నీ మంచిగనే ఉన్నయి. చప్పుడే వస్తలేదు."

"ఏం చప్పుడన్నా?"

"పంపుది. గుయ్యిమంటది."

"గా చప్పుడా?" కీర్తిప్రియ ఆశ్చర్యపోయింది. "నువ్వు గా నల్లడబ్బీ మార్చినప్పటి సంది గది వస్తనే ఉన్నది గదన్నా."

వెస్లీ ఆమె ముఖంలోకి చూశాడు. పరాచికానికి అన్నట్టు లేదు.

వెనక్కి వెళ్లాడు. ఈసారి చెవి కాదు, రేకుమూత మీద వేళ్లు పెట్టాడు.

"మళ్లొకసారి."

వేళ్ల కింద ఏదో సన్నగా కదిలి ఆగిపోయింది.

"ఇగో, ఇప్పుడు గూడ వచ్చింది," అంది కీర్తిప్రియ.

"సెల్ఫ్ కొట్టు."

ఇంజన్ ఒక్క ఊపున అందుకుంది. అది మాత్రం అతనికి బాగానే వినపడింది.

"అయితే పంపు మంచిదేనా?"

"మంచిదే. రిలే ఒక్కటే పోయింది."

"మరి పంపెందుకు తీసినవన్నా?"

"చూద్దామని," అన్నాడు.

కారు వెళ్లిపోయింది. వెస్లీ మెట్టు మీద కూర్చున్నాడు. ఒక స్కూటర్ పోయింది. దానికి రెండు పక్కలా కట్టిన ఖాళీ పాలక్యాన్లు గుంతల్లో ఎగిరెగిరి పడుతున్నాయి. సందు మలుపు తిరిగేదాకా వాటినే చూశాడు.

మధ్యాహ్నం భార్య సుందరమ్మ టిఫిన్ డబ్బా తెచ్చింది. వెనక నుంచి వచ్చి, అతన్ని దాటి, ఎదురుగా నిలబడింది. అతను తలెత్తాక అడిగింది.

"తింటవా?"

వెస్లీ ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"సుందరా, ఎప్పటి సంది గిట్ల ముందలికొచ్చి మాట్లాడుతున్నవ్?"

పక్కన చోటున్నా సుందరమ్మ ఎదురుగానే కూర్చుని డబ్బా మూత తీసింది.

"చారు చల్లగైతది, తిను," అంది, కొంచెం గట్టిగా.